పాత మిషన్ వ్యానెక్కింది

వ్యాను వీధి మలుపు తిరిగి కనపడకుండా పోయిన నాలుగు నిమిషాలకు, తనూజ మిద్దె మీద ఆరేసిన చీరను చూసింది.

శనివారం, ఉదయం పదిన్నర. ఆమె మిద్దె ఎక్కింది చీర కోసం కాదు. కింద వెతకడానికి ఇంకేమీ మిగల్లేదు కాబట్టి ఎక్కింది. బీరువా కింద వెతికింది. దేవుడి గూట్లో వెతికింది. అత్త బాలనాగమ్మ వక్కాకు సంచి తిరగేసింది. కంప్యూటర్ బల్ల ఊగకుండా కాలి కింద దోపిన అట్టముక్కను కూడా లాగి చూసింది. పెన్‌డ్రైవ్ ఎక్కడా లేదు.

బొటనవేలి గోరంత పెన్‌డ్రైవ్. అందులో ఒక పట్టుచీర డిజైను ఉంది. అంచంతా చేపల వల అల్లిక, ఒంటి నిండా నీళ్లలోంచి ఎగిరే చిన్న చేపలు. మూడు వారాల పని. రేపు ఆదివారం ఉదయం తొమ్మిదింటికి ముహూర్తం. ఆ వేళకి అది మల్లప్ప మగ్గం ఎక్కాలి. ధర్మవరంలో మల్లప్ప ఉండే వీధిలో ఆయనకున్నన్ని మగ్గాలు ఇంకెవరికీ లేవు. ఆయన మొదటిసారి ఒక ఆడమనిషికి పెళ్లి చీరల డిజైను అప్పగించాడు.

"తొమ్మిదింటికి తెచ్చినావా, ఈ ఏడాదంతా నీ డిజైన్లే. తేలేదా, ఊర్లో డిజైను గ్రాఫులు గీసేటోళ్లకు కరువేమీ లేదమ్మా," అన్నాడాయన. నవ్వుతూనే అన్నాడు. అందుకే భయం.

కంప్యూటర్లో ఇంకో కాపీ ఉంచుకోవచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. అలా అనిపించేవాళ్లు ధర్మవరంలో డిజైన్లు గీసినవాళ్లు కారు. ఈ ఊళ్లో కొత్త డిజైను వారం దాగదు. రెండేళ్ల కిందట తనూజ వేసిన చిలకల అంచు, ఆమె గ్రాఫు అప్పగించకముందే పక్కవీధి అంగట్లో చీరై వేలాడింది. ఆ రోజు నుంచి ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. పని ముగిస్తే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం, కంప్యూటర్లో చెరిపేయడం, గీసిన కాగితాలు పొయ్యిలో పెట్టడం. పెన్‌డ్రైవ్ మాత్రం చేతికి అందించేదాకా కొంగున ముడేసుకుని తిరగడం.

దొంగ నుంచి కాపాడుకుందామని వేసిన ఆ ముడే ఇప్పుడు ఆమె మెడకు బిగుసుకుంటోంది.

గురువారం రాత్రి ముడేసింది. శుక్రవారం పొద్దున తలస్నానానికి పోయేముందు ముడి విప్పి కీబోర్డు పక్కన పెట్టింది. పెట్టాననే ఆమె నమ్మకం. రోజూ చేసే పని కదా, ఆ రోజు మాత్రం ఎందుకు చేయదు? స్నానం చేసి వచ్చేసరికి కీబోర్డు పక్కన లేదు. ఆ గదిలో ఉన్నది సుమలత ఒక్కతే.

మూడేళ్లుగా పక్కన కూర్చుని పని చేస్తున్న పిల్ల. తనూజ ఆమెను నిలబెట్టింది. భర్త ముందు, అత్త ముందు, "నీ సంచి చూపించు," అంది.

సుమలత సంచి తిరగేసి బల్ల మీద కుమ్మరించింది. దువ్వెన, తలనొప్పి మాత్రలు, బస్సు పాసు, స్టీలు టిఫిన్ డబ్బా. పెన్‌డ్రైవ్ లేదు. అన్నీ ఎత్తుకుని వెళ్లిపోయింది. డబ్బా ఒక్కటి మరిచిపోయింది. లేక వదిలేసిందో.

వాషింగ్ మిషన్ ఆగిపోయింది కూడా ఆ శుక్రవారమే. సగం ఉతికి, కడుపు నిండా నీళ్లతో నిలబడిపోయింది. తలుపు తెరిస్తే నీళ్లు వంటింటి దాకా పారాయి. శనివారం పొద్దున భర్త రాఘవేంద్ర ఎరువుల అంగడికి బయల్దేరుతూ అడిగాడు.

"పెనుకొండ మెకానిక్ ఖాజాసాబ్‌కు ఫోన్ చేసినా. సోమవారం గానీ రాలేనన్నాడు. హిందూపురం షోరూమోళ్లు పాతది తీసుకోని కొత్తది ఇస్తారంట. ఈ పొద్దే ఆఖరు. వాళ్ల వ్యాను ఊర్లోనే ఉండాది. బాగు చేయించల్లా, మార్చేయల్లా?"

తనూజ అప్పుడు బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి ఉంది.

"ఏమన్నా చేసుకో!" అంది.

ఆయన చేసుకున్నాడు. వ్యాను వచ్చి కొత్తదాని పెట్టె దించి, పాత మిషన్‌ను ఎక్కించుకుపోయింది.

ఇప్పుడు మిద్దె మీద ఆ శుక్రవారం ఉతుకులో పడ్డ చీర తీగ మీద ఊగుతోంది. చీరంతా సాపుగా ఉంది. కొంగు కొస ఒక్కటి మెలితిరిగి, ముడతలు పడి, నత్తగుల్లలా ముడుచుకుని ఆరింది.

తనూజ దాన్ని వేళ్ల మధ్య పట్టుకుంది. ఉతకకముందే విప్పిన ముడైతే ముడతలు నీళ్లలో పోయేవి. ఈ ముడతలు నీళ్లలో పడ్డవే. అంటే చీర మిషన్‌లోకి ముడితోనే వెళ్లింది. ముడి లోపల వదులైంది.

ఆమె మెట్లు రెండేసి దిగింది.

"అత్తా! నిన్న మిషన్ ఆగేముందు ఏమన్నా శబ్దమైందా?"

బాలనాగమ్మ కొత్త మిషన్ అట్టపెట్టె ముందు కూర్చుని పసుపు కలుపుతోంది. తలెత్తలేదు.

"అయింది. లోపల ఏందో టకటకమనె. రవ్వంత సేపు గరగరమనె. ఆ పైన ఆగిపాయ."

"మరి నాకు చెప్పలేదే?"

"చెప్తే నేనే చెడగొట్టినానంటావని!"

తనూజ బ్యాగు లాక్కుంది. బల్ల మీది టిఫిన్ డబ్బా కంటబడింది. ఎందుకో దాన్ని కూడా బ్యాగులో వేసుకుంది.

"అత్తా, ఆ పెట్టె విప్పొద్దు. టెంకాయ గూడ కొట్టొద్దు."

"ఏమే, యాడికి పోతాండావు?"

"హిందూపురం!"

బస్టాండు దారిలోనే భర్తకు ఫోన్ చేసింది.

"ఆ వ్యాను డ్రైవరు నంబరు పంపు."

"ఎందుకు? కొత్త మిషన్‌కు ఏమైంది?"

"పాతది కావల్ల నాకు."

అవతల ఎరువుల బస్తాలు దించుతున్న చప్పుడు వినిపించింది. "నువ్వేగదా ఏమన్నా చేసుకో అంటివి," అన్నాడు రాఘవేంద్ర.

"అంటి. నంబరు పంపు!"

డ్రైవరు పేరు హనుమంతరాయుడు. ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. హిందూపురం బస్సులో కిటికీ పక్కన కూర్చుని తనూజ పదకొండు సార్లు చేసింది. పన్నెండోసారి పక్కనున్న ముసలామె ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. "ఏమ్మా, ఎవురికన్నా బాగలేదా?"

"మిషన్‌కు, అవ్వా."

ముసలామె చెయ్యి తీసేసింది.

బస్సు హైవే ఎక్కింది. తనూజ ముందు పోతున్న ప్రతి వ్యానునూ మెడ చాచి చూసింది. కోళ్ల వ్యాను. పాల వ్యాను. పెనుకొండ కొండ కనపడింది, కోటగోడ కనపడింది, బస్సు స్టాండులోకి తిరిగి పది నిమిషాలు ఆగింది. కండక్టరు టీ తాగాడు. డ్రైవరు టీ తాగి గ్లాసు కూడా కడిగిచ్చాడు. తనూజ సీట్లో లేచి కూర్చుంది, కూర్చుని లేచింది.

ఆ పది నిమిషాలూ తను వెతుకుతున్న మిషన్ అక్కడికి రెండు వీధుల అవతలే ఉందని ఆమెకు తెలియదు.

హిందూపురం చేరేసరికి ఒంటిగంట దాటింది. షోరూము వెనక గోడౌన్ ముందు ఖాళీ వ్యాను. దాని నీడలో ఒక లావాటి మనిషి రాగిముద్ద తింటున్నాడు. పక్కన బోర్లా పడుకున్న ఫోన్.

"హనుమంతరాయుడంటే నువ్వేనా?"

"నేనేమా."

"ఫోనెందుకు ఎత్తవప్పా!"

"బండి నడిపేటప్పుడు ఎత్తను. తినేటప్పుడు ఎత్తను." ముద్ద పులుసులో ముంచాడు. "మిగతా టైములో ఎవురూ చెయ్యరు."

"ధర్మవరంలో పొద్దున తెచ్చిన మిషన్ యాడుంది? పాతది."

"పాతవి ఈడికెందుకొస్తాయిమా? దారిలోనే పెనుకొండలో దించేసొస్తాం. ఖాజాసాబ్ షెడ్డులో."

ఎవరికైతే బాగు చేయించడానికి ఫోన్ చేశారో, ఎవరికైతే సోమవారం దాకా తీరికలేదో, ఆ మనిషి దగ్గరికే మిషన్ పోయింది.

"ఏం చేస్తాడు దాన్ని?"

"బాగుండే సామాను విప్పుకుంటాడు. మిగతాది కోసి తుక్కు లారీకేస్తాడు. శనివారం శనివారం వస్తాది లారీ. మూడింటికి."

గోడౌన్ గోడ మీది గడియారం ఒకటీ ఇరవై చూపించింది.

"ఖాజాసాబ్‌కు ఫోన్ చెయ్యి!"

"కోసేటప్పుడు వాడూ ఎత్తడు." హనుమంతరాయుడు ఆమె మొహం చూశాడు. ఆ మొహంలో ఏం కనపడిందో, ముద్ద సగంలో వదిలి చెయ్యి కడుక్కున్నాడు. "ధర్మవరానికి ఒక ఫ్రిజ్జు ఏసుకోని పోవల్ల. ఎక్కుమా. పెనుకొండలో ఆపుతా."

ఫ్రిజ్జు ఎక్కించడానికి ఇరవై నిమిషాలు. తాళ్లు కట్టడానికి పది. డీజిలు కొట్టించడానికి ఇంకో పది. బంకులో ఆయన ఎవరితోనో కన్నడంలో పలకరింపు మొదలుపెడితే తనూజ హారన్ మీద అరచెయ్యి పెట్టి తియ్యలేదు.

"అంత దుడ్లు పెట్టి కొన్నావామా ఆ మిషన్?" అన్నాడు పరుగెత్తుకొచ్చి.

"మిషన్ కాదన్నా. దాంట్లో నా డిజైనుంది." చెప్పింది. ముడి, ముహూర్తం, మల్లప్ప. సుమలత సంచి సంగతి కూడా చెప్పింది. అది చెప్పాలనుకోలేదు, దానంతట అదే వచ్చింది.

హనుమంతరాయుడు గేరు మార్చి అన్నాడు. "నా మిందా ఒకసారి దొంగతనం పెట్టినారుమా అట్ల. మిక్సీ పోయిందని. మళ్లా వాళ్ల ఇంట్లోనే దొరికింది. దొరికిందని నాకు ఎవురూ చెప్పలేదు. వాళ్ల పక్కింటోళ్లు చెప్తే తెలిసింది."

యాక్సిలరేటర్ తొక్కాడు.

రెండూ యాభై. షెడ్డు బయటే లారీ నిలబడి ఉంది. లోపల నిప్పురవ్వలు. ఒక మిషన్‌ను అప్పటికే రెండుగా కోశారు. దాని పక్కన ఇంకో అయిదారు నోళ్లు తెరుచుకుని వరసలో ఉన్నాయి. అన్నిటి నుదుటా ఆయుధపూజ పసుపు, కుంకుమ. తనూజ ఒక్కొక్క దాని ముందూ వంగి చూసింది. తమది ఏది? ఎనిమిదేళ్లు ఇంట్లో ఉన్న మిషన్ మొహం గుర్తుపట్టలేకపోయింది.

కోసిన మిషన్ తలుపు నేల మీద పడి ఉంది. దాని మీద మూడు పసుపు గీతలు, మధ్యలో కుంకుమబొట్టు. అత్త పెట్టేది అలాగే.

"ఖాజాసాబ్!"

గ్యాస్ మంట ఆగింది. నల్లద్దాలు పైకెత్తుకుని యాభై ఏళ్ల మనిషి తొంగిచూశాడు. "ధర్మవరం రాఘవేంద్ర ఇల్లు కదా నీది? రామ్మా. సోమవారం నేనొస్తానంటిని, నువ్వే వస్తివి."

"మా మిషన్ కోసేసినావా అన్నా?"

"మీదెందుకు కోస్తా?" ఆయన వేలు షెడ్డు చివరికి చూపింది. "అదో, పని చేస్తాంది."

మూలన ఒక మిషన్ గుండ్రంగా తిరుగుతోంది. లోపల ఖాజాసాబ్ పనిబట్టలు నురగలో దొర్లుతున్నాయి.

"రిపేరేమీ లేదమ్మా దానికి. కింద మూలన చిన్న మూతుంటాది. తిప్పితే ఫిల్టరు బయటికొస్తాది. అడ్డం పడిన చెత్త తీసినా, నీళ్లు పోయినాయి. అయిదు నిమిషాల పని. మీ ఇంటికి మూడుసార్లు వచ్చినా. మూడుసార్లూ చెప్పినా, నెలకోసారి ఆ మూత తిప్పండమ్మా అని. ఎప్పుడన్నా తిప్పినారా?"

ఆ మూత ఎక్కడుందో కూడా తనూజకు తెలియదు. "ఆ చెత్త యాడేసినావన్నా?"

ఖాజాసాబ్ అల్మారా మీదినుంచి పాలపొడి డబ్బా దించాడు. "పారెయ్యను. మిషన్లలో దొరికినవన్నీ ఒక వారం పెడతా, ఎవురన్నా వస్తారేమో అని. ఇన్నేండ్లలో ఒకామె కమ్మ కోసం వచ్చింది. నువ్వు రెండోదానివి."

డబ్బాను గోనె మీద బోర్లించాడు. తల పిన్నులు, గుండీలు, ఎవరిదో మెట్టె, అరిగిన నాణెం. అన్నిటి అడుగున, నూలుపోగు చుట్టుకుని, బొటనవేలి గోరంత నల్లటి ముక్క.

తనూజ దాన్ని పిడికిట్లో మూసింది. ఇంకా చెమ్మగా ఉంది.

"ఇప్పుడే కంప్యూటర్లో పెట్టొద్దు," అన్నాడు ఖాజాసాబ్. "తడి మీద కరెంటు తగిలితే ఉన్నది గూడ పోతాది. బియ్యంలో పెట్టు. రేపు మధ్యాహ్నానికి తీసి చూడు."

రేపు మధ్యాహ్నం. ముహూర్తం పొద్దున తొమ్మిదికి.

షెడ్డుకు ఎదురుగానే జిరాక్స్ అంగడి. అద్దంలోంచి కంప్యూటర్ కనపడుతోంది. తనూజ రోడ్డు దాటింది. అంగట్లో అమ్మాయి చెయ్యి చాచింది. "ఇవ్వక్కా, ఒక్క సెకన్లో చూస్తా."

ఒక్క సెకను. తెరుచుకుంటే ఈ రోజు పడిన పరుగంతా ఇక్కడితో సరి. తెరుచుకుంటే సుమలత గడప తొక్కే పని కూడా లేదు.

ఆ రెండో ఆలోచన వచ్చినందుకే ఆమె పిడికిలి బిగిసింది. పెన్‌డ్రైవ్ దొరికిన సంగతి, తను చెప్పకపోతే, పక్కింటోళ్లు చెప్పిన కబురుగా సుమలతకు చేరుతుంది, మిక్సీలాగే. అయినా ఆ డిజైను గ్రాఫులో ప్రతి గడీ తెలిసిన మనిషి లోకంలో ఇంకొకరు ఉన్నారు. సుమలత, బుక్కపట్నం చెరువులో చేపలు పట్టేవాడి కూతురు. వల కన్ను ఎలా ముడిపడుతుందో వేళ్లతో చూపించింది ఆమే.

"వద్దులే," అంది తనూజ.

ఫోన్ మోగింది. రాఘవేంద్ర. "మిషన్ బిగించేటోడు వచ్చినాడు. అమ్మ పెట్టె మీద కూర్చోని విప్పనియ్యలే. ఏం చెప్పల్ల వీనికి?"

"పంపించెయ్. కొత్తది వాపస్. పాతది తెస్తాండా."

"పాడైందాన్ని ఏం చేసుకుంటావే!"

"పాడు కాలా. మనమే మూత తిప్పలా."

సాయంత్రం అయిదున్నరకు హనుమంతరాయుడి వ్యాను ధర్మవరంలో సుమలత వీధిలో ఆగింది. వెనక ఫ్రిజ్జు, ఫ్రిజ్జు పక్కన తాళ్లతో కట్టిన పాత మిషన్. అరుగుల మీద పట్టుచీరలకు కుచ్చులు కడుతున్న ఆడవాళ్లు చేతులు ఆపి చూశారు.

సుమలత గడపలో నిలబడింది. వ్యాను చూసింది. మిషన్ చూసింది.

"ఏందక్కా, సంచి సాలలేదని మిషన్‌ను గూడ సోదా చేసినారా?"

అరుగుల మీద ఎవరో కిసుక్కుమన్నారు. తనూజ పిడికిలి విప్పింది. "దీంట్లోనే ఉండింది. నా కొంగుముడితోనే పోయింది."

"ఓపెనైందా?"

"పెట్టలా. రేపు మధ్యాహ్నం దాకా పెట్టగూడదంట."

"మగ్గం తొమ్మిదింటికి కదా." సుమలత కళ్లు సన్నబడ్డాయి. "ఓహో. అందుకొచ్చినావు."

కాదు అనొచ్చు. తనూజ అనలేదు. "అందుకూ వచ్చినా," అంది. భుజం మీది బ్యాగు తీసి, అరుగులన్నీ చూస్తుండగా, గడప ముందు తలకిందులు చేసింది. తాళాలు దొర్లాయి. చిల్లర, బస్సు టికెట్లు, సగం తిన్న బిస్కెట్ పొట్లం. అన్నిటి మీదా ఖంగుమని టిఫిన్ డబ్బా పడింది.

"నిన్న నీతో చేయించినా. ఈ పొద్దు నేను చేసినా. ఇంగేమన్నా చూడల్లంటే చూడు."

సుమలత వంగి డబ్బా తీసి మూత తెరిచింది. మొహం పక్కకు తిప్పుకుంది.

"కడగలేదా?"

"లేదు."

"రెండు దినాల చిత్రాన్నం. తూ." లోపలికి పోయింది. నీళ్ల చప్పుడు వినపడింది. తుడిచిన డబ్బా నిండా బియ్యం పోసుకుని బయటికొచ్చి తనూజ ముందు పట్టింది. తనూజ పెన్‌డ్రైవ్‌ను బియ్యంలో గుచ్చింది. సుమలత మూత నొక్కింది.

"రెండు మాటలక్కా. మీ ఇంటికి నేను రాను. కంప్యూటర్ ఈడికి తే."

"తెస్తా."

"డిజైను మూలన ఒక పేరే పెడతావు కదా ఎప్పుడూ. ఆ వల మా నాయనది."

"రెండు పేర్లు. నీదే ముందు."

సుమలత వీధిలోకి చూసింది. "పొద్దుపోతాంది. అన్నా, వ్యాను తిప్పు!"

హనుమంతరాయుడు తల గోక్కున్నాడు. "ఇచ్చిన పాత మిషన్ వెనక్కి తెచ్చుకున్నోళ్లను ఈ పొద్దే చూస్తి. ఇంగ కంప్యూటర్ గూడనా?" అంటూనే వ్యాను తిప్పాడు.

ఆ రాత్రంతా ఇద్దరూ కూర్చుని డిజైను మళ్లీ గీశారు. మొదట మగ్గం ఎక్కేది అంచూ, ఒంటి మీది చేప బుటాలే, పల్లూ తర్వాతి వారం మాట. అయినా ఇద్దరి వేళ్లూ నొప్పి పుట్టాయి. వల కన్ను మొదటిసారి కంటే ఒక గడి చిన్నదైంది, చేప తోక కాస్త పక్కకు వంగింది. "నిజం చేప ఇట్లే వంగుతాదక్కా," అంది సుమలత, అలాగే ఉంచారు. ఆదివారం ఉదయం తొమ్మిదికి రెండు నిమిషాల ముందు మల్లప్ప ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఎవురిదమ్మా డిజైను?"

"మూలన ఉండాది చూడన్నా," అంది తనూజ.

మధ్యాహ్నం సుమలత ఇంట్లో టిఫిన్ డబ్బా మూత తీశారు. పెన్‌డ్రైవ్ ఎండింది. కంప్యూటర్‌కు పెడితే తెరుచుకుంది. వల, చేపలు, ఒక్క గడి చెదరలేదు. మూలన ఒకే పేరు. తనూజ ఆ పేరును కాసేపు చూసి డిలీట్ నొక్కింది.

అప్పుడే ఫోన్. బాలనాగమ్మ గొంతు గదంతా వినపడింది.

"మిషన్ వేస్తాండా. మూత తిప్పి చూసినా, చీరలన్నీ ఇదిలించినా. ఇంగ ఎవురి కొంగులోనన్నా ఏమన్నా ఉంటే ఇప్పుడే చెప్పండి. మళ్లా నన్ననొద్దు!"

ఇద్దరి చేతులూ ఒక్కసారే కొంగుల మీదికి పోయాయి.